ఆర్గాన్ తప్పదు

ఆయన్ని ఎరిగినవాళ్లంతా శ్రుతిపెట్టె అనే పిలుస్తారు. ఇరవై రెండేళ్ల వయసులో పడిన పేరు, అరవై అయిదు వచ్చినా వదలలేదు. ఫ్రిజ్ మూలిగితే ఏ స్వరంలో మూలుగుతోందో చెప్పగలడు. పక్కింటి తలుపు కిర్రుమంటే నూనె డబ్బా పట్టుకుని వెళ్లి, "మీ తలుపు నా ప్రాణం తీస్తోందండీ" అని తనే రెండు చుక్కలు వేసి వస్తాడు. భార్య గిన్నెలు తుడుస్తూ కూనిరాగం తీసినా ఊరుకునేవాడు కాదు, "ఆ రెండోది కాస్త పైకి" అనేవాడు. ఆవిడ పాపం ఎన్నో ఏళ్ల క్రితమే రాగాలు మానేసి రేడియో పెట్టుకోవడం మొదలుపెట్టింది.

చెవి పదునైతే ఫరవాలేదు. ఆ చెవికి తోడు నోరు కూడా పదునైతే చుట్టుపక్కలవాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు.

పొట్ట నింపింది మాత్రం చెవి కాదు, చేతులు. ముప్ఫై ఒక్క ఏళ్లు లిఫ్టులు బాగుచేసి రిటైరయ్యాడు. అంతకు ముందు, ఏడాదిన్నర పాటు, ఒక రాక్ బృందంలో ఆర్గాన్ వాయించాడు. ఆ బృందం ఒకే ఒక్క డిస్కు చేసింది. ఆ డిస్కు ఆయనకు అన్నం పెట్టలేదు గాని, మీసం మెలేయడానికి జీవితాంతం సరిపోయింది.

బృందంలో నలుగురు. పాటలు కట్టేదీ గిటారు వాయించేదీ పొడుగాయన. తల వంచకుండా ఏ గుమ్మమూ దాటలేనివాడు, పగలు ఇంటింటికీ తిరిగి ఉత్తరాలు పంచేవాడు. డ్రమ్ములు బావవి. ఆయనది వడ్రంగం పని. పాడేది అక్క, అంటే బావ భార్య, శ్రుతిపెట్టెకు నాలుగేళ్లు పెద్ద. బట్టలు కుట్టేది. సాయంత్రాలు బావ కొట్లో, రంపపు పొట్టు తుమ్ములు తెప్పిస్తుంటే, నలుగురూ సాధన చేసేవాళ్లు.

నలుగురికీ ఒకటే పిచ్చి. తమ ముందు తరంవాళ్లు చేసిన పెద్ద పెద్ద డిస్కులు. ఒక వైపంతా ఒకే పాట సాగే డిస్కులవి. ఏడు దెబ్బల తాళంలో మొదలై, తొమ్మిదికి మారి, ఊరంతా తిరిగినట్టు తిరిగి, చివరికి మొదటి వరుస దగ్గరికే వచ్చి వాలేవి. వాటిని అరిగిపోయేదాకా విని, తాము కూడా అలాంటిది ఒకటి చేయాలనుకున్నారు. పొడుగాయన మాత్రం ఒక షరతు పెట్టాడు. "లెక్క మన దగ్గర ఉండాలి, పాట వినేవాడి దగ్గర ఉండాలి" అనేవాడు. తాళం ఏడైనా తొమ్మిదైనా, విన్నవాడు మర్నాడు పొద్దున పళ్లు తోముకుంటూ ఆ వరుస పాడుకోగలగాలి. పాడుకోలేకపోతే ఆ పాట చించేసేవాడు.

డిస్కు పేరు "ఆవలి గట్టు". మొదటి వైపు నాలుగు పాటలు, అన్నీ అక్క పాడినవే. రెండో వైపు ఇరవై రెండు నిమిషాల పాట ఒక్కటే. ఈ గట్టున నిలబడి ఒకరు ఆవలి గట్టున ఉన్న పడవవాణ్ణి పిలుస్తారు. మొదట ఆ పిలుపు, వాయిద్యం లేకుండా ఒంటి గొంతు, ఒక నిమిషం పది సెకన్లు. తర్వాత మంచులా ఆర్గాన్ కమ్ముతుంది. ఏడు దెబ్బల్లో తెడ్లు పడతాయి, గాలివాన వస్తుంది, పోతుంది. అంతా అయ్యాక పిలుపు వరుసే ఆవలి వైపు నుంచి గిటారు మీద జవాబుగా వస్తుంది. పొడుగాయన కాగితం మీద రాసుకున్న పాట అది.

డిస్కు మీద ఉన్న పాట వేరు. అందులో గొంతు లేదు. పిలుపు ఆర్గాన్ మీద వస్తుంది. "పాత పెద్దల నీడ కనిపిస్తుంది గాని, ఈ ఆర్గాన్ పిలుపు ఎవరి పెరట్లోంచీ కోసుకొచ్చింది కాదు" అని అప్పట్లో ఒక పత్రిక రాసింది. ఆ ముక్క కత్తిరించి, అద్దం బిగించి, శ్రుతిపెట్టె ముందుగదిలో తగిలించుకున్నాడు. దాని కిందే ఇంకో వాక్యం ఉండేది. "ముగింపు మాత్రం ఎవరూ అడగని ప్రశ్నకు చెప్పిన జవాబులా ఉంది." అద్దం బిగించేటప్పుడు ఆ వాక్యాన్ని జాగ్రత్తగా లోపలికి మడిచేశాడు.

గొంతు ఎందుకు లేదని ఎవరైనా అడిగితే ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. "ఆ రోజు మా అక్క శ్రుతి తప్పింది పాపం. భయం. ఎంతటివాళ్లకైనా వస్తుంది. నేనే సర్దిచెప్పాను." చాలా మెత్తగా చెప్పేవాడు. చెప్పినప్పుడల్లా తన మంచితనానికి తనకే ముచ్చటేసేది. ఆ రోజు తర్వాత అక్క ఎక్కడా పాడలేదు. జనం ముందే కాదు, ఇంట్లో కూడా. కూతురు పుడితే జోలపాట పాడలేదు. బావే మంచంకోడు మీద మెల్లగా దరువేసి పిల్లను నిద్రపుచ్చేవాడు.

ఆ పిల్లే ఇప్పుడు పాత టేపులు బాగుచేసే పనిలో ఉంది. బూజు పట్టినవి, అంటుకుపోయినవి, విరిగినవి తెచ్చి ఇస్తే శుభ్రం చేసి, వాటిలోని ధ్వనిని కంప్యూటర్లోకి ఎక్కిస్తుంది. పాత డిస్కులు మళ్లీ వేసే ఒక చిన్న కంపెనీ "ఆవలి గట్టు" వేస్తామని ముందుకొచ్చింది. పొడుగాయన పోయాక ఆయన అటక మీది టేపులన్నీ ఆ అమ్మాయి గదికి చేరాయి. ఆ కబురు విన్నరోజు శ్రుతిపెట్టె వీధిలో నలుగురికి చెప్పాడు, చెప్పనివాళ్లకు ఫోన్ చేశాడు.

వారం తర్వాత మేనకోడలి దగ్గర నుంచి ఫోన్ వచ్చింది.

"మావయ్యా, నీ శ్రుతిదండం ఇంకా ఉందా?"

"చొక్కా జేబులోనే ఉంది. ఎందుకమ్మా?"

"అది తీసుకుని ఒకసారి రా. ఒక్కడివే రా."

ఆమె పనిచేసే గది ఒక పాత భవనం నేలమాళిగలో ఉంది. కిటికీలు లేవు. గోడలకు మందపాటి దుప్పట్లలాంటివి అతికించారు. బల్ల మీద రెండు చక్రాల టేపు మిషను, పక్కన దూది, చిన్న సీసాలు, టేపు అతికే పట్టీలు. మధ్యలో ఒక అట్టపెట్టె. దాని మీద పెన్సిలుతో రాసిన మాటలు వెలిసిపోయినా శ్రుతిపెట్టె గుర్తుపట్టాడు. ఆ గుండ్రటి అక్షరాలు తనవే. "తప్పు గొంతు. వాడొద్దు."

"ఇది పారేయలేదా వాడు?" అన్నాడు.

"పొడుగు పెదనాన్న దేన్నీ పారేయలేదు. కూర్చో మావయ్యా. ముందు ఇది విను."

టేపు తిరిగింది. కొంచెం గరగర. కుర్చీ జరిపిన చప్పుడు. తర్వాత సన్నగా, సూటిగా, ఒక లోహపు స్వరం. అది వినగానే ఆయన చెయ్యి తనంతట తనే జేబు తడుముకుంది. పాడబోయే ముందు అక్కకు శ్రుతి అందించడానికి మైకు పక్కన తను మోగించిన శ్రుతిదండం అది. ఈ దండమే, కొడితే ఎప్పుడూ ఒకే స్వరం పలికే రెండు కొమ్ముల ఇనుపముక్క.

మేనకోడలు అక్కడ ఆపింది. "ఇప్పుడు నీది మోగించు. దాంతోపాటే నేను టేపు వేస్తాను."

ఆయన దండాన్ని మోకాలికి కొట్టి బల్లకు ఆనించాడు. ఆమె మీట నొక్కింది. రెండు స్వరాలు గదిలో కలవలేదు. ఒకదాన్నొకటి తోసుకుంటూ వణికాయి. ఆ వణుకు ఆయన పళ్లలో తెలిసింది. టేపులోది పైన ఉంది, దండం కింద ఉంది. చిన్న తేడా కాదు, చెవి ఉన్న ఎవడికైనా తెలిసే తేడా.

"ఇదెలా?" అన్నాడు. "దండం మారదు. ఇనుము ఇది."

"దండం మారదు మావయ్యా. అందుకే నిన్ను తెమ్మన్నాను. మారింది టేపు. నూటికి మూడు వంతులు వేగంగా పోతోంది. ఆ రోజు కరెంటు పోయిందా?"

పోయింది. ఆయనకు అన్నీ గుర్తున్నాయి. రికార్డింగు నాలుగో రోజు, ఆఖరి రోజు, మధ్యాహ్నం భోజనాలు కాగానే కరెంటు పోయింది. రికార్డింగు గది యజమాని వెనక వరండాలో జనరేటర్ లాగి వైర్లు కలిపాడు. సాయంత్రం అయిదింటికల్లా గది ఖాళీ చేయాలి, వేరేవాళ్లకు ఇచ్చేశారు. అందరూ తొందరలో ఉన్నారు. పొడుగాయన గిటారును ఆర్గాన్‌కు శ్రుతి చేసుకున్నాడు. దేనికైనా ఆర్గానే కొలత. తీగలు వదులవుతాయి, చర్మాలు సాగుతాయి, గొంతులు బొంగురుపోతాయి. ఆర్గాన్‌లో పళ్ల చక్రాలుంటాయి, వాటిని మోటారు తిప్పుతుంది, అంతే. వదులవడానికి అందులో ఏమీ లేదు. "ఆర్గాన్ తప్పదు" అనేది శ్రుతిపెట్టె ఊతపదం. "నిజమే, మాకు నువ్వూ తప్పవు, నీ ఆర్గానూ తప్పదు" అని బావ ఏడిపించేవాడు.

మోటారు తిప్పుతుంది. మోటారును కరెంటు తిప్పుతుంది.

ఆయన కుర్చీ చెయ్యి పట్టుకున్నాడు. ముప్ఫై ఒక్క ఏళ్లు ఎన్ని భవనాల్లో, ఎంతమందితో అన్నాడో లెక్క లేదు. కరెంటు పోయి జనరేటర్ వేయగానే ఎవరో ఒకరు లిఫ్టులోంచి భయంగా తల బయటపెట్టేవారు. "జనరేటర్ మీద మోటారు నెమ్మదిగానే తిరుగుతుందండీ, కంగారు పడకండి" అనేవాడు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఆ మాట రోజూ నోట్లో పెట్టుకుని తిరిగాడు. ఒక్కసారి కూడా తన ఆర్గాన్ గుర్తుకు రాలేదు.

"జనరేటర్ నెమ్మదిగా తిరిగింది" మేనకోడలు మెల్లగా చెప్పింది. "ఆర్గాన్ కిందికి దిగింది. గిటారు దాన్ని చూసి దిగింది. టేపు మిషను మోటారు కూడా దాని మీదే కాబట్టి అదీ నెమ్మదించింది. ఇంట్లో గడియారాలన్నీ ఒకేలా వెనకబడితే, సరైన టైముకి వచ్చిన మనిషే తొందరపడ్డట్టు కనిపిస్తాడు కదా. తర్వాత మామూలు కరెంటు మీద టేపు వేసి విన్నారు. ఆర్గాన్ సరిగ్గా తన చోట వచ్చి కూర్చుంది. అమ్మ పైకి పోయింది."

"దండం పెట్టి చూశాను" అన్నాడాయన. "కరెంటొచ్చాక టేపు వేసి, ఆర్గాన్‌ పక్కన దండం మోగించి చూశాను. కలిసింది. అందరికీ చూపించాను కూడా."

"ఆర్గాన్ పక్కన మోగించావు. టేపు మొదట్లో ఉన్న దండం పక్కన మోగించలేదు."

మోగించలేదు. టేపును వెనక్కి తిప్పడానికి అర నిమిషం కూడా పట్టదు.

మేనకోడలు వేగం తగ్గించి పెట్టింది. ఈసారి టేపులోని దండమూ చేతిలోని దండమూ ఒకటైపోయాయి. తర్వాత అక్క పాడింది. ఇరవై ఆరేళ్ల అక్క. గొంతులో తొందర లేదు, వణుకు లేదు, ఆయన ఇన్నేళ్లూ ఊరందరికీ చెప్పిన భయం ఇసుమంత కూడా లేదు. ఆవలి గట్టున మనిషి ఉన్నాడని నమ్మకంగా తెలిసిన మనిషి పిలిచినట్టు పిలిచింది. నిమిషం పది సెకన్లు. ఒక్క స్వరం కూడా అటూ ఇటూ జరగలేదు. అప్పుడు ఆర్గాన్ వచ్చింది, కిందుగా, బురదలో కాలు పెట్టినట్టు.

"ఆపు" అన్నాడు.

"ఇంకా ఉంది మావయ్యా. చివర్లో మీ మాటలున్నాయి."

"చాలమ్మా. ఆపెయ్."

ఆమె ఆపింది. దూది చుట్టలు సర్దుతూ, ఆయన వైపు చూడకుండా అంది. "కంపెనీవాళ్లకి ఈ టేపు సంగతి తెలీదు. డిస్కు ఎలా ఉందో అలాగే వేస్తారు. నీ ఆర్గాన్ పిలుపంటే వాళ్లకి ప్రాణం. అమ్మకి చెప్పాలా వద్దా నేను తేల్చను. చెప్తే నువ్వే చెప్పాలి."

మూడు రోజులు ఆయన ఇంట్లోంచి కదల్లేదు. మొదటి రోజు, ఇప్పుడు చెప్పి ప్రయోజనమేముంది అనుకున్నాడు. అక్కకు అరవై తొమ్మిది. బావ పోయి నాలుగేళ్లు. మానిన పుండును గెలకడం ఎందుకు. రెండో రోజు తప్పు జనరేటర్‌దని తేల్చాడు. తర్వాత రికార్డింగు గది యజమానిదని తేల్చాడు. ఆ యజమాని ఎప్పుడో పోయాడు కాబట్టి కాదనేవాడు లేడు. మూడో రోజు పొద్దున ముందుగదిలో అద్దం పటం కింద కూర్చుని కాఫీ తాగుతుంటే, వంటింట్లో రేడియో కట్టేసిన చప్పుడు వినిపించింది. భార్య ఏదో వెతుక్కుంటూ, అలవాటు లేని గొంతుతో రెండు ముక్కలు పాడింది. రెండో స్వరం కిందే ఉంది. ఆయన నోరు తెరిచాడు. ఆవిడ అక్కడే గతుక్కుమని ఆగిపోయింది. ఆయన ఇంకా ఏమీ అనలేదు, నోరు తెరిచిన చప్పుడు కూడా రాలేదు. అయినా ఆగిపోయింది.

కాఫీ సగంలో వదిలేసి మేనకోడలికి ఫోన్ చేశాడు.

అక్క ఇల్లు రెండో అంతస్తులో. ముందుగదే కుట్టుగది. కిటికీ పక్కన మిషను, గోడ మీద రంగురంగుల దారపు ఉండలు, తాడు మీద ఇంకా చేతులు కుట్టని గౌన్లు. అక్క ఒక తెల్ల గౌను అంచు మడుస్తోంది. పెదాల మధ్య గుండుసూదులున్నాయి. తమ్ముణ్ణి, కూతుర్ని చూసి, సూదులు ఒక్కొక్కటే తీసి దిండుకు గుచ్చి, అప్పుడు నవ్వింది.

"ఏరా, ఇద్దరూ కలిసి వచ్చారు. ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదక్కా."

"మరి ఆ మొహమేంటి?"

దారిలో నాలుగు రకాలుగా అనుకుని వచ్చాడు. జనరేటర్‌తో మొదలుపెట్టాలని, మోటార్ల సంగతి వివరంగా చెప్పాలని. ఒక్కటీ గుర్తు రాలేదు. "అక్కా, ఆ రోజు నువ్వు తప్పలేదు" అన్నాడు. "ఆర్గాన్ తప్పింది."

అక్క ఏ రోజని అడగలేదు. కత్తెర బల్ల మీద పెట్టింది. మిగతాది మేనకోడలు చెప్పింది, గడియారాల పోలికతో సహా. అక్క కళ్లద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని, మళ్లీ తీసింది.

"అయితే నేను విన్నది నిజమేనన్నమాట" అంది. "ఆర్గాన్ కిందుందని నాకు వినపడింది. స్పష్టంగా వినపడింది. నువ్వు కాదన్నావు. నువ్వెప్పుడూ తప్పు చెప్పలేదు కదా అని, నా చెవే పాడైపోయిందనుకున్నాను."

"చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఇప్పుడొచ్చి చెప్తున్నాను అక్కా."

"ఆ తర్వాత ఏ పాట విన్నా అదే అనుమానం రా. నాకు బాగుందంటే అసలు బాగుందో లేదో అని. దీని స్కూల్లో పిల్లలకి పాటలు నేర్పమని మేడమ్ మూడుసార్లు ఇంటికొచ్చి అడిగింది. నా చెవి నమ్మకమైంది కాదండీ అని పంపించేశాను. దీనికి జోల పాడదామన్నా, పసిపిల్ల చెవిలో తప్పు శ్రుతి పడుతుందేమోనని." అక్కడ ఆగింది. కూతురి వైపు చూసింది. "వినిపించు" అంది.

మేనకోడలు సంచిలోంచి చిన్న స్పీకరు తీసి, దారపు ఉండల పక్కన పెట్టింది. అక్క చేతులు ఒళ్లో పెట్టుకుని, పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టు కూర్చుంది. దండం మోగింది. తర్వాత ఇరవై ఆరేళ్ల గొంతు ఆ గదిలోకి వచ్చింది. అక్క కదల్లేదు. పెదాలు మాత్రం, గొంతు లేకుండా, ఒక్కో మాటా కలుపుతూ వెళ్లాయి. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో అక్కడే తీసుకుంది.

ఆర్గాన్ వచ్చింది. గిటారు వచ్చింది. నాలుగు దెబ్బలయ్యాక పాట చెదిరిపోయి ఆగింది. ఈసారి ఆపమనడానికి శ్రుతిపెట్టెకు నోరు రాలేదు.

టేపులో అక్క గొంతు, "ఆర్గాన్ కిందుందిరా."

తర్వాత ఒక కుర్రాడి గొంతు. గట్టిగా, విసుగ్గా, నలుగురికీ వినిపించాలని. "ఆర్గాన్ తప్పదు. అది మిషను. తప్పింది నువ్వు."

"ఒక్కసారి మళ్లీ పాడతాను. ఒక్కసారి."

"టైం లేదు. ఇరవై రెండు నిమిషాల పాటని మొదటి నిమిషంలోనే చంపేశావు. నువ్వు బట్టలు కుట్టుకోవడమే మేలు."

ఎవరో డ్రమ్ము మీద కర్రలు పెట్టేసిన చప్పుడు. బావే అయి ఉంటాడు. నలుగురితో నారాయణ అనే మనిషి, ఆ రోజు కూడా ఏమీ అనలేదు. అక్కడితో టేపు అయిపోయింది.

శ్రుతిపెట్టె తల ఎత్తలేదు. నలభై మూడేళ్లు ఆయన మనసులో ఆ రోజు వేరేలా ఉంది. అక్క భుజం మీద చెయ్యి వేశాడు. ఫరవాలేదక్కా అన్నాడు. సర్దిచెప్పాడు. ఆ చెయ్యి, ఆ మాట, ఆ సర్దిచెప్పడం ఎక్కడినుంచి తెచ్చి అతికించుకున్నాడో ఆయనకే తెలియదు. కాలు జారితే తీసుకోగలం గాని నోరు జారితే తీసుకోలేమంటారు. జారిన నోటిని ఒక టేపు ఇన్నేళ్లు దాచి ఉంచుతుందని మాత్రం ఎవరూ చెప్పలేదు. సిగ్గుతో ఆయన చెవులు కాలిపోయాయి.

"ఇంత గట్టిగా అన్నావా?" అంది అక్క. ఆవిడ గొంతులో కోపం లేదు, ఆశ్చర్యం ఉంది. "మెల్లగా అన్నావనుకున్నాను రా. నా దగ్గరికొచ్చి, ఎవరికీ వినపడకుండా అన్నావనే గుర్తు నాకు."

ఇన్నేళ్లూ ఆ మాటను ఆవిడ కూడా తమ్ముడి కోసం మెత్తబరిచి దాచుకుంది. ఆయన ఏడ్చాడు. అరవై అయిదేళ్ల మనిషి, కత్తిరించిన గుడ్డముక్కల మధ్య నేల మీద కూర్చుని, అక్క మోకాలు పట్టుకుని ఏడ్చాడు. అక్క ఆయన తల మీద చెయ్యి వేసి, "ఊరుకో, గౌను తెల్లది, తడిచేస్తావు" అంది.

కాస్త తేరుకున్నాక ఆయన మేనకోడలితో అన్నాడు. "నా పిలుపు తీసెయ్యమ్మా. దాని బదులు అక్కది పెట్టు. కంపెనీవాళ్లతో నేను మాట్లాడతాను."

"నిమిషం పది సెకన్ల దగ్గర, అమ్మ చివరి స్వరం ఇంకా సాగుతుండగానే, ఇదే టేపులో నీ ఆర్గాన్ కూడా వస్తుంది మావయ్యా. ఆ ఒక్కటీ విడదీయడం నా వల్ల కాదు. అమ్మని సరైన వేగంలో పెడితే నువ్వు కిందుగా వినపడతావు. విన్నవాళ్లందరికీ తెలుస్తుంది. ఆ ముక్క దాటాకే డిస్కు టేపుకి అతకగలను."

"తెలియనీ."

"ఆ అద్దం పటం?" మేనకోడలు అడిగింది. ఎగతాళిగా కాదు, నిజంగానే అడిగింది.

"మడిచిన వాక్యం కూడా బయటికి తీస్తాను. ఎవరూ అడగని ప్రశ్న అన్నాడు ఆ పత్రికవాడు. అడిగింది మా అక్క. వినపడకుండా చేసింది నేను."

అక్క ఇదంతా వింటూనే సూది చేతిలోకి తీసుకుంది. "పాట ఉంచు" అంది కూతురితో. "చివరి మాటలు కత్తిరించెయ్. ఊరందరికీ ఎందుకవి, మా ఇద్దరివీ."

మేనకోడలు స్పీకరు సంచిలో పెట్టుకుంది. కింద వీధిలో ఎవరో హారన్ కొట్టారు. ఆ హారన్ ఏ స్వరమో శ్రుతిపెట్టె చెవి తనంతట తనే పట్టుకుంది. ఆయన దాన్ని పట్టించుకోలేదు. జేబులోంచి శ్రుతిదండం తీశాడు. నలభై మూడేళ్లు ఎదుటివాళ్ల తప్పులు పట్టడానికి వాడిన ఇనుపముక్క. మోకాలికి కొట్టి, మిషను చెక్కకు ఆనించాడు. గది నిండా సన్నటి స్వరం పాకింది.

"అక్కా" అన్నాడు. "ఒక్కసారి. నాకోసం కాదు. తప్పినా ఫరవాలేదు. ఒక్కసారి పాడవూ?"

అక్క ఆ స్వరం సన్నగిల్లి ఆగిపోయేదాకా విన్నది. తల కొంచెం పక్కకు వంచి, కళ్లు మూసుకుని విన్నది. ఊపిరి లోపలికి తీసుకుంది. ఆయన కూడా తీసుకున్నాడు.

తర్వాత ఆవిడ గోడ గడియారం వైపు చూసి, ఆ ఊపిరి మెల్లగా వదిలేసింది.

"టైం లేదురా" అంది. "సాయంత్రానికి ఈ గౌను ఇచ్చెయ్యాలి."

తెల్లగుడ్డను సూది కిందికి జరిపి మిషను తొక్కడం మొదలుపెట్టింది. ఆ మాట గుర్తుండి అందో, ఊరికే అందో ఆయనకు తెలియలేదు, అడిగే మొహం లేదు. గౌను అంచు పూర్తయ్యేదాకా నేల మీదే కూర్చున్నాడు.